అర్దియా దివానియాలో తూటాల లెక్క

చెప్పులు గుమ్మం బయటే వదలండి. గోడ వారగా పరిచిన మెత్తటి ఆసనాలు వచ్చే అతిథులవి. తలుపు పక్కన, టీ బల్ల దగ్గరున్న రెండు కుర్చీలు మనవి. జులై నెల, రాత్రి పదిన్నర. బయట కువైట్‌లోని అర్దియా వీధిలో నేల ఇంకా సెగ కక్కుతోంది. పగలంతా హోరెత్తిన పారిశ్రామికవాడలో గ్యారేజీల షట్టర్లు దిగిపోయాయి. ఈ గదిలో మాత్రం ఏసీ ధాటికి మోచేతులు చల్లబడుతున్నాయి. బుఖూర్ పొగ ఒక పక్క, యాలకుల గావా వాసన ఒక పక్క.

"కూర్చో నాయనా. ఈపొద్దు ఫుట్‌బాలు లేదు, జింక మాటే," అంటాడు కోడూరు అన్న, ఇస్తికానాలో, అంటే చిన్న గాజు గ్లాసులో, టీ పోస్తూ. ఆయన ఈ ఇంటి డ్రైవరు. ఊరు రైల్వే కోడూరు పక్కన. టీ పోయడం ఆయన పని కాదు గానీ దివానియా, అంటే మగవాళ్ల అతిథి కూటమి, జరిగే రాత్రి వంటతను ఒక్కడూ అందుకోలేడు. ఏళ్ల తరబడి విన్న అరబ్బీ కాబట్టి అన్న మన చెవిలో తెలుగు చేసి చెబుతుంటాడు.

ఎదురుగా కూర్చున్న నడివయసు మనిషి బాబా, అంటే కఫీల్, ఈ ఇంటి యజమాని. పక్కన ఫోను మీద వంగి ఉన్న కుర్రాడు చిన్నబాబా. మూల దిండుకు ఆనుకుని తస్బీహ్ జపమాల తిప్పుతున్న పెద్దాయన బాబాకు పినతండ్రి. వచ్చే నెల తండ్రీకొడుకులు ఇంగ్లండు పోతున్నారు. అక్కడ ఫాలో జాతి మగ జింక వేట ఆగస్టు 1న మొదలవుతుంది. కువైట్‌లో వేట కుదరదు. 2014 నాటి 42వ నంబరు పర్యావరణ చట్టం అడవి జంతువుల వేటను నిషేధించింది. తుపాకులు కూడా ఇక్కడినుంచి పట్టుకుపోరు. అక్కడి ఎస్టేటు వాళ్లే తమ రైఫిలు ఇచ్చి, పక్కన మనిషిని నిలబెడతారు. ఏ రైఫిలు సిద్ధం చేయమంటారో చెప్పమని వాళ్లు అడిగారు. ఈ రాత్రి తగువంతా దాని మీదే.

బల్ల మీద పేలిపోయిన ఇత్తడి తొడుగులు మూడు నిలబెట్టి ఉన్నాయి, నిరుటి వేట గుర్తులు. వాటి ముందు చిన్న అత్తరు డబ్బాలో దూది మీద ఒక లోహపు ముద్ద. దాని సంగతి తర్వాత.

చిన్నబాబా ఫోనులో ఒక బొమ్మ చూపిస్తున్నాడు. .300 విన్‌చెస్టర్ మాగ్నమ్, 1963లో వచ్చిన తూటా. వీడియోల్లో దాన్ని పట్టుకుని కొండ అవతల ఉన్న జంతువును పడగొడుతుంటారు. తనకదే కావాలట.

"లా," అంటాడు బాబా. ఆ ఒక్క మాటకు తర్జుమా అక్కర్లేదు.

తర్వాత ఆయన చెప్పేది నిదానంగా వినండి, అనుభవం ఉన్న మాట. అక్కడ వేట అడవిలో, ఎత్తైన మంచె మీద కూర్చుని. జింక నూరు గజాల్లో, మహా అయితే నూట యాభై గజాల్లో కనిపిస్తుంది. అంత దగ్గరికి మాగ్నమ్ ఎందుకు? దాని తన్ను .243 రైఫిలు తన్నుకు రెండింతల పైనే ఉంటుంది. రెండు సార్లు భుజం వాచిన కుర్రాడు మూడోసారి మీట నొక్కకముందే కళ్లు మూస్తాడు. కళ్లు మూసినవాడి గుండు జింక పొట్టలో దిగుతుంది. మన ఊళ్లో కొత్త డ్రైవరుకు పెద్ద లారీ ఇవ్వకపోవడం ఎందుకో తెలిసిన కోడూరు అన్న ఇక్కడ తల ఊపుతాడు.

"సరే, మరి చిన్నదే తీసుకుందాం, .223," అంటాడు కుర్రాడు అలిగి.

అదీ కుదరదు, చట్టం ఒప్పుకోదు. ఇంగ్లండులో 1991 జింకల చట్టం గీత గీసింది. రైఫిలు గొట్టం .240 అంగుళానికి తగ్గకూడదు, గొట్టం మూతి దగ్గర గుండు శక్తి 1,700 అడుగు పౌండ్లకు తగ్గకూడదు, గుండు ముక్కు మెత్తగానో బోలుగానో ఉండాలి. చిన్న జాతి జింకలు రెండింటికి మాత్రం సడలింపు ఉంది. ఫాలో వాటిలో లేదు. 1955లో వచ్చిన .243 విన్‌చెస్టర్ ఆ గీతకు వెంట్రుకవాసి పైన నిలుస్తుంది. అక్కడ కొత్త వేటగాళ్ల చేతుల్లో అది తరచుగా కనబడడానికి ఇదొక కారణం.

ఇక మిగిలినవి ఎస్టేటులో ఉన్న రెండే: .243, .308.

బాబా బల్ల మీది తొడుగుల్లో రెండింటిని, .243ది, .308ది, పక్కపక్కన పెట్టాడు. చూపుకు ఒకే పొడుగు, ఎందుకంటే .243ను .308 తొడుగు మెడ సన్నం చేసే తయారుచేశారు. .308 పుట్టింది 1952లో. తేడా అంతా ముందు కూర్చునే గుండులో ఉంది. .243లో సాధారణంగా 100 గ్రెయిన్ల గుండు, అంటే ఆరున్నర గ్రాములు. సెకనుకు సుమారు 2,960 అడుగుల వేగంతో బయటికొస్తుంది. .308లో 150 గ్రెయిన్లు, పది గ్రాములకు కాస్త తక్కువ. వేగం సుమారు 2,820 అడుగులు. చిన్నది వేగంగా పోతుంది, పెద్దది బరువుగా పోతుంది. ఎముక అడ్డొస్తే బరువు పనికొస్తుంది. భుజం అదరకపోతే గురి పనికొస్తుంది. 1925 నాటి .270 అయినా, 1906 నాటి .30-06 అయినా, ఈ మధ్య కుర్రకారు మోజుపడే 6.5 క్రీడ్‌మూర్ అయినా ఈ నూరు గజాల్లో జింకకు తేడా తెలియదు. ఈ తూటాల మీద జనం పడే తగువుల్లో సగానికి సగం కాలక్షేపమే.

అసలు సంగతి ఇప్పుడొస్తుంది. బాబా అత్తరు డబ్బా ముందుకు జరుపుతాడు. వంగి చూడండి. అది నిరుడు జింక అవతలి పక్క చర్మం కింద దొరికిన గుండు. కొన పుట్టగొడుగులా విచ్చుకుంది. రాగి రేకులు వెనక్కి తిరిగాయి, మధ్యలో సీసం బూడిదరంగులో మెరుస్తోంది. అడుగు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇట్ల విచ్చుకుంటేనే మంచిదంట," అన్న గుసగుసలాడతాడు.

తూటా పేరు ఏదైనా, జంతువు ఒంట్లోకి పోయేది గుండే. మిలిటరీ వాళ్లు వాడే, ఒళ్లంతా రాగి తొడుగేసిన గుండు జింకను సూదిలా దూసుకుపోతుంది. జింక పరుగెత్తి ఏ పొదలోనో గంటల తరబడి చస్తుంది. అందుకే చట్టం దాన్ని ఒప్పుకోదు. ముక్కు దగ్గర సీసం బయటపెట్టిన మెత్తమూతి గుండు ఒంట్లోకి దిగగానే విచ్చుకుంటుంది, ఊపిరితిత్తుల్లో వెడల్పాటి దారి చేస్తుంది. మరీ మెత్తగా చేస్తే వేరే తంటా. అతివేగంగా పోయే గుండు భుజం ఎముక దగ్గరే తునకలై, లోపలికి పోకుండా మాంసాన్ని పాడుచేస్తుంది. 1946లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జాన్ నోస్లర్ అనే అమెరికన్ వేటగాడికి ఇలాగే అయింది. ఎదురుగా నిలబడ్డ మూస్ మీద పేల్చిన గుళ్లు పైపైనే చితికిపోయాయి. ఇంటికెళ్లి గుండు మధ్యలో రాగి అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం గట్టిగా ఉండి లోతుకు పోతుంది. 1948 నుంచి అమ్మకానికి పెట్టిన ఆ పార్టిషన్ గుండు ఇప్పటికీ దొరుకుతుంది.

ఈసారి ఎస్టేటు వాళ్లు సీసం లేని రాగి గుండు వాడమంటున్నారు. సీసం గుండు తునకలు మాంసంలో కంటికి కనబడనంత సన్నగా చెల్లాచెదురవుతాయి. తిన్నవాళ్లకు మంచిది కాదు, పేగులు తిన్న రాబందులకు అసలే కాదు. కాలిఫోర్నియా 2019 జులై నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా మానిపించింది. బ్రిటన్ కూడా మూడేళ్ల గడువుతో నిషేధం తెస్తామని 2025లో ప్రకటించింది. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకు గుండు పొడవవుతుంది, విచ్చుకోవడానికి వేగం కూడా కావాలి. అందుకని .308లో 150 బదులు 130 గ్రెయిన్లు, .243లో 100 బదులు 80 గ్రెయిన్లు తీసుకుంటారు. గుండు మారిందంటే రైఫిలు గురి మళ్లీ కాగితం మీద సరిచూసుకోవాల్సిందే. రకం మారితే దెబ్బ తగిలే చోటు మారుతుంది.

పెద్దాయన తస్బీహ్ ఆపాడు. ఇంతసేపు తూటా గురించే మాట్లాడారు గానీ బిస్మిల్లా మాట ఎవరూ ఎత్తలేదేమని అడుగుతున్నాడు. మీట నొక్కేటప్పుడు అల్లా పేరు చెప్పాలి. దెబ్బకు ప్రాణం పోతే హలాల్. దగ్గరికి పోయేసరికి కొనఊపిరి ఉంటే కత్తితో గొంతు కోసి జబహ్ చేయాల్సిందే. కాబట్టి నడుముకు కత్తి లేకుండా మంచె దిగొద్దంటాడు. ఆ తర్వాత చిన్నగా, ఎవరినీ ఉద్దేశించకుండా, పాతకాలం మాట ఎత్తుతాడు. కార్లు వచ్చాక ఎడారిలో ఏం జరిగిందో ఆ తరానికి తెలుసు. చక్రాల మీద తరుముతూ రీమ్ జింకల్ని, తెల్ల ఓరిక్స్‌లను కాల్చిపారేశారు. అడవిలో మిగిలిన చివరి అరేబియా ఓరిక్స్ 1972లో ఒమన్‌లో పోయింది. అంతకు ముందే, 1960ల్లో, అమెరికాలోని ఫీనిక్స్ జూలో తొమ్మిది ఓరిక్స్‌లతో ఒక మందను కూడబెట్టారు. ఆ తొమ్మిదిలో ఒకటి కువైట్ ఇచ్చింది. వాటి సంతతినే 1982లో మళ్లీ ఒమన్ ఎడారిలో వదిలారు. చిన్నబాబా ఫోను పక్కన పెట్టాడు, ఈ రాత్రి మొదటిసారిగా.

కోడూరు అన్న ఖాళీ ఇస్తికానాలు పోగుచేస్తూ మన వైపు వంగుతాడు. "మా పక్క మామండూరు అడివి తెలుసు గదా? పులుల వేట కథలు రాసిన కెన్నెత్ ఆండర్సన్ దొర తిరిగిన చోటు." ఆండర్సన్ చేతిలో ఉండేది .405 విన్‌చెస్టర్, 300 గ్రెయిన్ల గుండు. పులికీ చిరుతకూ తగిన సరుకు. చుక్కల జింకకైతే అవసరానికి మించిన బరువు. అన్న చిన్నప్పుడు చూసింది దొర రైఫిలు కాదు, నాటు తుపాకి. గొట్టంలో మందు, రవ్వలు దట్టించి కూరేవాళ్లు. "పది రవ్వలు తగుల్తే ఒక్కటీ లోపలికి పోదు. జింక నెత్తురు కార్చుకుంటా రెండు గుట్టలు దాటేది. నురగ నెత్తురైతే ఊపిరితిత్తి, దొరుకుతుంది. పచ్చటి కసువు వాసనొస్తే పొట్ట. ఇంగ దాని గతి ఆ దేవుడికే తెలుసు." ఇప్పుడు మందు కూడా పోయి కరెంటు తీగలు వచ్చాయి. వాటి మీద జింకలూ పడుతున్నాయి, రాత్రి పొలానికి పోయిన మనుషులూ పడుతున్నారు. నాటు తుపాకి కన్నా నీచమైన పని అది.

పన్నెండు కావస్తోంది. బాబా ఎస్టేటుకు జవాబు టైపు చేశాడు: కుర్రాడికి .243, 80 గ్రెయిన్ల రాగి గుండు, తనకు .308, 130 గ్రెయిన్లు. నూట ఇరవై గజాలు దాటి కుర్రాడు పేల్చకూడదు. ముందు కాగితం మీద వరసగా గుళ్లు ఒక్కచోట పడితేనే మంచె ఎక్కాలి. జింక పక్కకు తిరిగి నిలబడాలి, గురి ముందుకాలి వెనక, ఒంట్లో మూడోవంతు ఎత్తున. నా లెక్కలోనూ ఇదే సరైన తీర్పు. తూటా ఎంపికలో మొదట తేల్చాల్సింది పేల్చేవాడి భుజం, తర్వాత గుండు నిర్మాణం, కేలిబరు అంకె ఆ తర్వాతే.

లేవబోతుంటే చిన్నబాబా ఒక ఇత్తడి తొడుగు తెచ్చి అన్న చేతిలో పెట్టాడు, ఊరికి పోయేటప్పుడు పిల్లలకు చూపించమని. అన్న నవ్వి, రెండు చేతులతో తిరిగి ఇచ్చేశాడు. మంచి పని చేశాడు. కువైట్ నుంచి సెలవు మీద వచ్చేవాళ్లంతా ఇది గుర్తుపెట్టుకోండి: బాబా సూట్‌కేసు మీరు సర్దినా, ఆయన పాత బ్యాగు మీకు ఇచ్చినా, జేబులన్నీ ఒకసారి తిరగేసి చూడండి. మన విమానాశ్రయాల్లో పేలని తూటా ఒక్కటి దొరికినా 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. ఖాళీ తొడుగైనా విమానం తప్పిపోయేదాకా ప్రశ్నలడుగుతారు. ఇక ఊళ్లో ఎవరైనా జింక కూర ఉందని పిలిస్తే పోకండి. 1972 వన్యప్రాణి చట్టంలో ఆ విందుకు జైలు ఉంది. కృష్ణజింక విషయంలోనైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా.