క్లాష్ మొదటి ఆల్బమ్: అట్ట వెనక పోలీసులు

1976 ఆగస్టు చివర. పశ్చిమ లండన్‌లో నాటింగ్ హిల్ కార్నివాల్. ట్రినిడాడ్, జమైకాల నుంచి వచ్చి స్థిరపడ్డ నల్లజనం పండగ అది. ఆ ఏడు పండక్కి సుమారు 3,000 మంది పోలీసుల్ని దించారు. అప్పటికే ‘సస్’ చట్టంతో నల్లకుర్రాళ్లు విసిగిపోయి వున్నారు. 1824 నాటి పాతచట్టం. నేరం చెయ్యక్కర్లేదు, చేస్తాడేమోనన్న అనుమానం చాలు, పట్టుకుపోవచ్చు. (ఇలాంటి అనుమానం ఎవరిమీద వాలుతుందో ఈ పత్రిక పాఠకులకు విడమర్చి చెప్పాలా?) ఆ సోమవారం ఇటుకలు లేచాయి.

ఆ గుంపులో ఇద్దరు తెల్లకుర్రాళ్లున్నారు. జో స్ట్రమ్మర్ దౌత్యోద్యోగి కొడుకు, బోర్డింగు స్కూల్లో చదివినవాడు. పాల్ సిమనన్ బ్రిక్స్‌టన్‌లో నల్లపిల్లల మధ్య పెరిగినవాడు. అప్పుడే తలెత్తుతున్న పంక్ సంగీతంలో వీళ్ల బృందం పేరు క్లాష్. ‘వైట్ రయట్’ పాట ఆ రోజులోంచే పుట్టింది. 1977 ఏప్రిల్ 8న వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌లో అది వుంది. అట్ట వెనక ఫొటో కూడా ఆ కార్నివాల్‌దే: మీదికి దూసుకొస్తున్న పోలీసులు.

అది జాలిపాట కాదు. నల్లవాళ్లు తెగించారు, మనమెందుకు నోరుమూసుకుని పడివున్నామని సొంతవాళ్లనే నిలదీస్తుంది. పీడితుల తరఫున మేం మాట్లాడతామంటూ వచ్చే పెద్దమనుషులకంటే ఇది నయమనే నా అభిప్రాయం. కానీ పేరులో చిక్కుంది. నేషనల్ ఫ్రంట్ అనే జాత్యహంకార పార్టీ వీధుల్లో ఊరేగుతున్న రోజులవి. అలాంటప్పుడు ‘తెల్ల’ పక్కన ‘అల్లర్లు’ అన్న మాట పెడితే వినేవాడు ఏమనుకోవాలి? తప్పుగా విన్నవాళ్లు వున్నారు. ఆ తప్పు పూర్తిగా వాళ్లదే అనలేం.

ఆల్బమ్‌లో నాకు గట్టిగా కనిపించేది మరో పాట, ‘పోలీస్ అండ్ థీవ్స్’. అసలు పాట జమైకాది, 1976లో జూనియర్ మర్విన్ పాడగా లీ పెర్రీ రికార్డు చేశాడు. క్లాష్ వాళ్లు తమ మోటు గిటార్ల మీద దాన్ని ఆరు నిమిషాలు సాగదీశారు. మిగతా పాటలు చాలావరకు మూడు నిమిషాలు కూడా దాటవు. రాకపోకలు ఒకవైపే సాగలేదు. అదే 1977లో బాబ్ మార్లే ‘పంకీ రెగె పార్టీ’ పాడాడు. పెర్రీ వచ్చి క్లాష్ తర్వాతి పాటకు పనిచేశాడు.

అమ్ముకున్నది మాత్రం సి.బి.ఎస్. అనే బడా కంపెనీ. సంతకానికి లక్ష పౌండ్లిచ్చింది. 1978 ఏప్రిల్ 30న విక్టోరియా పార్కులో జాత్యహంకార వ్యతిరేక సభలో వేలాదిమంది ముందు క్లాష్ పాడింది నిజమే. ‘సస్’ చట్టం మాత్రం 1981లో గానీ పోలేదు. దాన్ని తీసెయ్యాలని ఏళ్లతరబడి తిరిగినవాళ్లలో ముందున్నది, కొడుకుల కోసం పోలీసు స్టేషన్ల చుట్టూ తిరిగిన నల్లజాతి తల్లులు. ఏ ఆల్బమ్ అట్టమీదా వాళ్ల ఫొటో లేదు.