రిసీవరా, విడి భాగాలా?
ట్యూనర్, ప్రీ-ఆంప్లిఫయర్, సరౌండ్ డీకోడర్, పవర్ ఆంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఇమిడితే అది ఏవీ (ఆడియో-వీడియో) రిసీవర్. వేర్వేరు పెట్టెల్లో ఉంటే విడి భాగాలు. సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ లాంటి మండల కేంద్రంలో, మామూలు ఇంటి హాలుకు రిసీవరే మేలు. విడి ఆంప్లిఫయర్‌కు బలమెక్కువన్న వాదన తప్పు కాదు: రిసీవర్ అట్టపెట్టె మీది వాట్లు సాధారణంగా రెండు చానళ్లనే నడిపి కొలిచినవి, అన్నీ ఒకేసారి మోగితే తగ్గుతాయి. కానీ వాట్లు రెట్టింపు చేసినా పెరిగేది 3 డెసిబెళ్లే. ఆ తేడా కోసం అంత డబ్బు పోయడం దండగ.

రిపేరొస్తే పెట్టె మొత్తాన్నీ సూర్యాపేటకో మిర్యాలగూడకో మోయాలన్న అభ్యంతరం మాత్రం గట్టిదే. అయితే విడి భాగాల్లోనూ ముందు పాతబడేది ప్రాసెసరే, అంటే ప్రీ-ఆంప్లిఫయర్, సరౌండ్ డీకోడర్ ఉండే పెట్టె. 2017లో హెచ్‌డీఎంఐ 2.1 ప్రమాణం వచ్చాక అంతకుముందువి వెనకబడ్డాయి. వెనక ప్రీ-అవుట్ సాకెట్లున్న రిసీవర్ తీసుకుంటే, బలం చాలనప్పుడు విడి ఆంప్లిఫయర్ తగిలించుకోవచ్చు.