ఆవిరి యంత్రం కొట్టిన దుడ్లు, పతకాలు



రాయవేలూరు, గుడియాత్తం వైపు మన తెలుగువాళ్ళు డబ్బును దుడ్డు అంటారు. ఒకప్పటి చెన్నపట్నం లెక్కలో దుడ్డు అంటే పది కాసులు. ఎనభై కాసులు ఒక పణం, నలభై రెండు పణాలు ఒక వరహా.

ఆ రోజుల్లో టంకశాల పనివాడు సమ్మెటతో అచ్చు మీద కొట్టి నాణెం తీసేవాడు. అందువల్ల ఒక నాణెం వంకరగా ఉంటే మరొకటి మందంగా ఉండేది. అంచులు గీకి లోహం కాజేయడం, దొంగ నాణేలు వేయడం సులువయ్యేది.

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ దగ్గర సోహో అనే చోట మాథ్యూ బౌల్టన్ దీనికి ఉపాయం కనిపెట్టాడు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాన్ని నాణేల అచ్చుకు జోడించి, 1790లో పేటెంటు పొందాడు. బిళ్ళ చుట్టూ ఉక్కు కట్టు బిగించి కొట్టడంతో ప్రతి నాణెమూ ఒకే గుండ్రంగా వచ్చేది. ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారులకు, అంటే మన కోస్తా జిల్లాలకు, 1794 సంవత్సరం వేసిన రాగి నాణేలను అక్కడే కొట్టించింది. 1803, 1808 సంవత్సరాలు వేసిన పది, ఇరవై కాసుల బిళ్ళలూ అక్కడివే.

శ్రీరంగపట్నం పతకం కూడా సోహోలోనే తయారైంది. 1799 ఫిబ్రవరిలో జనరల్ హారిస్ సైన్యం వేలూరు నుంచే టిప్పు సుల్తాను మీదికి బయలుదేరింది. మే 4న కోట పడిపోయింది. టిప్పు మరణించాడు. ఆ గెలుపుకు గుర్తుగా కంపెనీ పతకం వేయించింది. దాని మీద ఒకవైపు పులిని అణగదొక్కుతున్న సింహం, రెండోవైపు కోట ముట్టడి. బొమ్మ అందరికీ ఒకటే గాని, లోహం హోదాను బట్టి మారింది. సేనానులకు బంగారం, కెప్టెన్లకు వెండి, మామూలు సిపాయికి తగరం.

పతకాల పంపకం 1808లో జరిగింది. అంతకు రెండేళ్ళ ముందే, 1806 జూలై 10న, తెల్లవారకముందే వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. కొత్తరకం తలపాగా పెట్టాలనీ, నుదుట నామమూ విభూతీ కూడదనీ వచ్చిన ఉత్తర్వులు వాళ్ళ మనసు విరిచాయి. టిప్పు కుటుంబాన్ని ఉంచింది ఆ కోటలోనే. కోట మీద పులిజెండా ఎగిరింది. ఆర్కాటు నుంచి కర్నల్ గిలెస్పీ గుర్రపుదండుతో వచ్చి అణచివేశాడు. వందలమంది సిపాయిలు ప్రాణాలు కోల్పోయారు.

యంత్రం ప్రతి బిళ్ళనూ సరిగ్గానే కొట్టింది. కానీ నుదుటి బొట్టు చెరపమన్నవారు ఇచ్చిన తగరపు బిళ్ళను సిపాయి గౌరవంగా ఎలా తీసుకుంటాడు?

మీ ఇంటి పాత పెట్టెలో అలాంటి కాసు దొరికితే, చింతపండుతో తోమకండి. మీ ఊరి కథ దానిమీద ఉంది. సెలవు.