మారుతి 800 – తాళం తప్పిన తకిట

మనవైపు మోటారు షెడ్డుల్లో వాడుకలో ఉన్న "మిస్సింగ్" అనే మాటకు గల అర్థవ్యాప్తి ఏ నిఘంటువుకూ ఎక్కలేదు. బండి నిలిచి ఉండగా ఇంజను సమగతిని నడవక, తడబడుతూ, స్టీరింగు మొదలు అద్దాల వరకు అన్నిటినీ వణికిస్తూ, ఒక్కొక్కసారి ఊపిరి బిగబట్టినట్లు ఆగిపోవడాన్ని ఆ ఒక్క మాట చెబుతుంది. యాక్సిలరేటరు తొక్కకుండా ఇంజను తనంతట తాను తిరిగే స్థితికి ఐడ్లింగ్ అని పేరు. ఆ ఆంగ్లపదానికి మూలార్థం ఊరక ఉండడం. కాని ఇంజనుకు కష్టతరమైన పనుల్లో అదొకటి. గాలిద్వారం దాదాపు మూసుకొని ఉంటుంది. లోనికి పోయే గాలి స్వల్పం. తిరిగే వేగం తక్కువ. రోడ్డు మీద వేగంలో కలిసిపోయే చిన్న లోపం కూడ అప్పుడు బయటపడుతుంది. చిన్నకారు చరిత్రను ఈ "ఊరక ఉండడం" వైపు నుండి చూస్తే కొన్ని ఆసక్తికరమైన సంగతులు కనిపిస్తాయి. మిత్రులతో పంచుకోవాలని ఈ టపా.

మారుతి ఉద్యోగ్ సంస్థ 1981 ఫిబ్రవరిలో ఏర్పడింది. 1982లో జపాను సుజుకీతో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళంచెవిని నాటి ప్రధాని ఇందిరాగాంధీ కొనుగోలుదారుకు అందజేశారు. అంతకు మునుపు నల్లగొండలో గాని, మహబూబ్‌నగర్‌లో గాని ఒక ఇంటిముందు కారు నిలిచి ఉన్నదంటే అది చాలవరకు అంబాసిడరో, ఫియెట్టో అయి ఉండేది. తరువాతి రెండు దశాబ్దాలలో ఏపీ 24 అంటే నల్లగొండ, ఏపీ 22 అంటే మహబూబ్‌నగర్ అని పిల్లలు కూడ గుర్తుపట్టే రోజులు వచ్చేసరికి, ఆ పలకలు మోసే బండ్లలో మారుతి 800 సర్వసాధారణమైంది.

దాని ఇంజను 796 ఘన సెంటీమీటర్లది; సిలిండర్లు మూడు. ఇది మన తాళశాస్త్రంలోని తిస్రగతి – "తకిట, తకిట". నిమిషానికి సుమారు 900 చుట్లు తిరిగే ఆ ఇంజనులో ప్రతి సిలిండరూ రెండు చుట్లకొకమారు మండుతుంది. అంటే సెకనుకు ఇరవై రెండు మూడు దెబ్బలు. వాటిని విడివిడిగా చెవి లెక్కపెట్టలేదు. కాని ఒక సిలిండరు మండకపోతే సెకనుకు ఏడెనిమిది మార్లు ఖాళీ పడుతుంది. ఆ ఖాళీని చెవీ పట్టుకుంటుంది, సీటులో కూర్చున్న వెన్నూ పట్టుకుంటుంది. నాలుగు సిలిండర్ల బండిలో ఒకటి ఆగితే నాలుగోవంతు నష్టం, ఇందులో మూడోవంతు. కనుకనే ఈ చిన్నకారు తన రోగాన్ని దాచుకోలేదు.

తొలినాటి మారుతికి కార్బొరేటరు ఉండేది. పెట్రోలును సన్నని రంధ్రం గుండా తుంపరగా చిమ్మి గాలితో కలిపే ఈ పద్ధతిని 1893 నాటికి జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించాడు. పూర్తిగా మండడానికి బరువులో ఒక పాలు పెట్రోలుకు పద్నాలుగున్నర పాళ్లకు పైగా గాలి కావాలి. కార్బొరేటరుకు ఆలోచన లేదు; స్క్రూ ఎంత తిప్పితే అంతే. మన మెట్టప్రాంతం దానికి మూడు పరీక్షలు పెట్టింది. మొదటిది ఎత్తు: మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉంది. విజయవాడలో సరిచేయించిన బండి ఇక్కడికి చేరేసరికి గాలి ఐదారు శాతం పలచబడి, మిశ్రమం కొద్దిగా చిక్కబడుతుంది. రెండవది ఎండ: నల్లగొండ మే నెలలో వేడి ఇంజనును ఆపితే కార్బొరేటరు గిన్నెలోని పెట్రోలు మరిగి ఆవిరై, తిరిగి స్టార్టు చేసినప్పుడు కాసేపు తడబాటు తప్పదు. మూడవది ఎర్రదుమ్ము: అది ఎయిర్ ఫిల్టరును మూసివేస్తుంది.

ఆ రోజుల్లో ఇంటివద్ద చేసుకొనే చికిత్సకు ఒక క్రమం ఉండేది. ఆరుబయట, బండిని న్యూట్రలులో పెట్టి, హ్యాండుబ్రేకు లాగి మొదలుపెట్టాలి. ముందు ఎయిర్ ఫిల్టరు దులపడం. తరువాత ప్లగ్గులు విప్పి చూడడం: నల్లని మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా కాలి ఉంటే తక్కువ, ఇటుకపొడి రంగు ఆరోగ్యం. పాయింట్లు ఉన్న బండి అయితే వాటి ముఖాలు శుభ్రం చేసి, ఎడం సరిచూడడం. ఆపైన గాలిగొట్టాలలో పగుళ్ళు, ఎలుకల కాట్లు వెదకడం. ఇవన్నీ అయ్యాకనే, ఇంజను బాగా వేడెక్కి చోక్ పూర్తిగా విడిచిన తరువాత, మిశ్రమపు స్క్రూను మెల్లగా అటూ ఇటూ తిప్పి, ఇంజను హెచ్చుగా, నునుపుగా పలికే చోట నిలిపి, వేగపు స్క్రూతో 900 చుట్లకు దించడం.

ఈ క్రమాన్ని తలక్రిందులు చేయడమే అసలు దోషం. స్క్రూ తిప్పి పెట్రోలు ఎక్కువిస్తే తడబాటు కొంత కప్పబడుతుంది, రోగం మాత్రం లోపలే ఉంటుంది. ఇక్కడనే చట్టం ప్రవేశించింది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు పెట్రోలు కార్ల పొగలో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతానికి మించరాదన్నాయి. ఆ కొలత తీసేది సరిగ్గా ఐడ్లింగులోనే. చిక్కని మిశ్రమంతో కప్పిన లోపం ఈ కొలతకు దొరికేది. అయితే ఒక వెలితి మిగిలింది: మండని సిలిండరు విడిచేది కార్బన్ మోనాక్సైడు కాదు, కాలని పెట్రోలు. 2004 అక్టోబరు 1 నుండి పాత కార్లకు కూడ హైడ్రోకార్బన్లకు పది లక్షల పాళ్ళలో 1500 పాళ్ళనే హద్దు పెట్టడంతో, మెకానిక్ చెవి పట్టే "మిస్సింగు"ను యంత్రం కూడ పట్టడం మొదలైంది. ఇంటిముంగిట తకిట తప్పడం అంతకుముందు యజమాని సొంత గొడవ. ఆనాటి నుండి అది వీధిలో అందరి ఊపిరికీ సంబంధించిన లెక్క అయింది.

2000 ఫిబ్రవరి నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. ఆ యేడే మారుతి 800కు ఎంపీఎఫ్‌ఐ ఇంజను అమర్చారు. స్క్రూ తిప్పే చేతి స్థానంలో సెన్సారులు, వాటి మాట విని పెట్రోలు కొలిచే చిన్న కంప్యూటరు వచ్చాయి. ఎత్తును, వేడిని అదే లెక్కకట్టుకుంటుంది. 2010 ఏప్రిల్‌లో హైదరాబాదు సహా 13 నగరాలలో బీఎస్-4 ప్రమాణాలు అమలు కాగా ఈ కారు అమ్మకం అక్కడ నిలిచిపోయింది. మన జిల్లాల వంటి చోట్ల మరికొంత కాలం సాగింది. 2014 జనవరి 18న ఉత్పత్తే ఆగిపోయింది.

స్క్రూ పోయిందని విచారించేవారు ఉన్నారు. చెవితో రోగం చెప్పగల మేస్త్రీల విద్య సన్నగిల్లిన మాట నిజమే. కాని మొత్తం మీద పొగ తగ్గింది. నిలిచిన బండి వెనుక నడిచే బడిపిల్లవాడికి ఆ మేలు చిన్నది కాదు. ఎంపీఎఫ్‌ఐ బండి తడబడినా నేటికీ మూలకారణాలు మూడే: గాలి, పెట్రోలు, నిప్పురవ్వ. ఫిల్టరు మార్చడం, ప్లగ్గులు చూడడం, పగిలిన గొట్టం వెదకడం, గాలిద్వారం చుట్టూ పేరుకొన్న మసిని తుడవడం ఇప్పటికీ గృహస్థు చేతిలోని పనులే. ఇంజను దీపం వెలిగితే మాత్రం మెకానిక్ వద్దకు వెళ్ళక తప్పదు. ముందు విని, తరువాత చూచి, చిట్టచివరకు మాత్రమే తిప్పాలన్న ఆ పాత క్రమం, తిప్పడానికి స్క్రూ లేని ఈ రోజుల్లో కూడ చెల్లుతూనే ఉంది.