ఆడనక్కర్లేదన్న మాట

2012 సెప్టెంబరు 3. న్యూయార్క్‌లో ఓ కారు ఆర్థర్ యాష్ స్టేడియం వైపు వెళుతోంది. యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్, ప్రత్యర్థి రోజర్ ఫెదరర్. కారులో ఉన్న టెన్నిస్ ఆటగాడు మార్డీ ఫిష్ చిన్నప్పటి నుంచి ఇలాంటి మ్యాచ్ కోసమే ఆడాడు. ఇప్పుడు మాత్రం పావుగంటకోసారి గుండె దడదడలాడి, ప్రాణం పోతున్నంత భయం కమ్ముకొస్తోంది.

ఏం చేస్తే కుదుటపడతావని పక్కనున్న భార్య అడిగింది. ఈ మ్యాచ్ ఆడనక్కర్లేదన్న ఊహ ఒక్కటే కాస్త నెమ్మదినిస్తోందన్నాడు. అయితే ఆడొద్దు, అందామె.

అలాంటి దారి ఒకటుందని అంతవరకూ అతనికి తట్టనేలేదు. తండ్రి టెన్నిస్ కోచ్. లోపలి బెదురును ఎదుటివాడి కంట పడనివ్వకూడదన్నది అతనికి ఆటతోపాటే అబ్బిన పాఠం. ఒళ్లు తగ్గించుకుని, కసిగా ఆడి 2011లో ప్రపంచ ఏడో ర్యాంకుకు ఎక్కాడు. మరుసటి ఏడాదే గుండె లయ తప్పింది. మే నెలలో చికిత్స జరిగింది. గుండె దారిలో పడినా భయం మాత్రం పోలేదు. ఫెదరర్‌తో ఆడాల్సిన రోజుకు రెండు రోజుల ముందు, రాత్రి మ్యాచ్‌లో జిల్ సిమోన్‌ను ఓడిస్తున్నప్పుడే, కోర్టు మధ్యలో అది అతన్ని పట్టుకుంది. చూస్తున్న వేలమందిలో ఎవరికీ తెలియలేదు.

ఫిష్ ఆ రోజు ఆడలేదు. తర్వాత దాదాపు మూడు నెలలు ఇల్లు కదల్లేదు.

మన ఇళ్లలో దీన్ని ఉత్త కంగారు అంటాం, ధైర్యం తెచ్చుకోమంటాం. ఫిష్ తన జబ్బును పేరు పెట్టి పిలిచాడు, అందరికీ తెలిసేలా రాశాడు. 2015లో అదే యూఎస్ ఓపెన్‌కు వచ్చి, రెండో రౌండ్లో ఫెలిసియానో లోపెజ్‌తో అయిదు సెట్లు పోరాడి ఓడి, టెన్నిస్‌కు సెలవు చెప్పాడు. నా దృష్టిలో ఆ ఓటమి చాలా గెలుపుల కన్నా పెద్దది.

ఆ తర్వాత గోల్ఫ్. కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దులోని తాహో సరస్సు ఒడ్డున, ఆరు వేల అడుగుల ఎత్తున, ఎడ్జ్‌వుడ్ కోర్సు ఉంది. 1990 నుంచి ఏటా అక్కడ ప్రముఖుల గోల్ఫ్ పోటీ జరుగుతోంది. బేస్‌బాల్ పిచర్ రిక్ రోడెన్ ఎనిమిదిసార్లు, అమెరికన్ ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్ టోనీ రోమో మూడుసార్లు గెలిచిన పోటీ. మూడు రోజులు, 54 హోల్స్. ఒక్కో హోల్‌కు నిర్ణయించిన దెబ్బల లెక్క పార్; దానికన్నా ఒకటి తక్కువైతే బర్డీ, ఒకటి ఎక్కువైతే బోగీ. బర్డీకి మూడు పాయింట్లు, పార్‌కు ఒకటి, బోగీకి సున్నా. అంతకన్నా దిగజారితే రెండు పోతాయి.

రిటైరైనవాళ్ల కాలక్షేపం అనుకునేవాళ్లు ఒక్క సంగతి ఆలోచించాలి. టెన్నిస్‌లో బంతి మీదికి దూసుకొస్తుంది, భయపడే తీరిక అంతగా ఇవ్వదు. గోల్ఫ్ బంతి కదలకుండా గడ్డి మీద కూర్చుని మన కోసం చూస్తుంటుంది. దాని దగ్గరికి నడిచివెళ్లే ఆ కొన్ని నిమిషాలూ మనసు ఏమైనా చేయగలదు. ఫిష్ లాంటి మనిషికి ఇంతకన్నా కష్టమైన ఆట ఉంటుందా?

2020 జులై. కొవిడ్ వల్ల ప్రేక్షకులను రానివ్వలేదు. ఏటా కేకలతో మోగే సరస్సు ఒడ్డున గాలి చప్పుడు తప్ప మరేం లేదు. 38 ఏళ్ల ఫిష్ చివరి రోజు రౌండ్‌ను 63 దెబ్బల్లో ముగించాడు. పార్‌కు తొమ్మిది తక్కువ. ఆ ఒక్క రౌండ్లోనే 37 పాయింట్లు, మొత్తం 76. ఒక్కో బంతి దగ్గరికీ నడిచివెళ్లాడు, ఆగాడు, కొట్టాడు, మళ్లీ నడిచాడు. కప్పు అతనిదే.

నాలుగేళ్ల తర్వాత, 2024 జులైలో, అదే కోర్సులో మళ్లీ గెలిచాడు. ఈసారి చుట్టూ జనం ఉన్నారు.