రత్నగిరి కోతుల లెక్క

అన్నవరం రత్నగిరి కొండమీద కోతుల గుంపులు కనబడితే, వీటికేం కొదవ అనుకుంటాం. చరిత్ర చూస్తే ఆ ధీమా నిలవదు. పోలియో టీకా కోసం 1950లలో మన దేశం నుంచి ఏటా లక్షకు పైగా రీసస్ కోతులు ఓడలెక్కిన, విమానాలెక్కిన కాలం ఉంది. 1959-60లో శాస్త్రవేత్త చార్లెస్ సౌత్‌విక్ బృందం ఉత్తరప్రదేశ్‌లో లెక్క తీస్తే, ఊళ్లలో కోతులు ఉన్నాయి గానీ ఎదిగే వయసు పిల్లలు మరీ తక్కువ. వ్యాపారులు ఎక్కువగా పట్టుకుపోయింది వాటినే. తలలు లెక్కపెడితే తెలియని జబ్బు వయసులు చూస్తే బయటపడింది. ఎగుమతిని 1978లో ఆపేశారు.

గోదావరికి ఈ కథలో వేరే పాత్ర. తూర్పున ఆ నదే చాలాకాలం హద్దు: ఉత్తరాన పొట్టి తోక రీసస్, దక్షిణాన నెత్తిన టోపీలాంటి జుట్టు, ఒంటికన్నా పొడవాటి తోక ఉన్న బానెట్ కోతి. అన్నవరం నదికి ఉత్తరం వైపుదే. ఇప్పుడు రీసస్ నది దాటి దిగువకు పాకుతుంటే బానెట్ వెనక్కి తగ్గుతోంది. ఒకచోట పట్టి మరోచోట వదిలే మన అలవాటుకూ ఇందులో వాటా ఉంది. పంటలు పాడవుతుంటే కోతుల ఆరోగ్యం గొడవేమిటని రైతు అడగొచ్చు. ఆ గోడు నిజమే, 2020లో తెలంగాణలోని నిర్మల్‌లో కోతుల పునరావాస కేంద్రం వచ్చింది కూడా. కానీ అన్నవరంలోలా ఆకు పొట్లంలో గోధుమరవ్వ ప్రసాదం దొరికేచోట మూగిన గుంపు అడవి సంగతి చెప్పదు. ఆ అడవిలో కోతిపిల్లలెన్ని, పళ్లచెట్లెన్ని అన్నదే అడగాల్సిన ప్రశ్న.