ఆవిరి నాటి బిట్రగుంట: కొలువులో కలిసిపోయిన దేహశ్రమ

నెల్లూరు, కావలి పట్టణాల మధ్యనున్న బిట్రగుంట రైల్వే ఊరుగా ఎదగడానికి మూలకారణం దాని స్థానమే. 1899లో పూర్తయిన బెజవాడ–మద్రాసు రైలుమార్గం పొడవు సుమారు 430 కిలోమీటర్లు కాగా, ఈ ఊరు ఇంచుమించు దాని నడుమ పడింది. అంత దూరం ఒకే ఆవిరి యంత్రంతో, ఒకే సిబ్బందితో బండి నడపడం కష్టం గనుక, దారిలో బూడిద దించి, బొగ్గూ నీళ్లూ నింపి, యంత్రాన్నీ మనుషులనూ మార్చే చోటు అవసరమైంది. ఆ అవసరం తీర్చడానికే ఇక్కడ లోకో షెడ్డు, అంటే యంత్రాలను నిలిపి మరమ్మతు చేసే శాల, మార్షలింగ్ యార్డు, అంటే గూడ్సు వ్యాగన్లను గమ్యాన్నిబట్టి విడదీసి కొత్త బండ్లుగా కూర్చే ప్రాంగణం, వాటినానుకొని రైల్వే కాలనీ వెలిశాయి.

ఈ వ్యవస్థ ప్రతి అంచెలోనూ మనిషి కండబలం మీదనే నడిచింది. పెద్ద యంత్రాల మీద డ్రైవరుతో పాటు ఇద్దరు ఫైర్‌మన్లు ఉండేవారు. ఊగుతున్న పలక మీద నిలబడి, పారతో బొగ్గు ఎత్తి కొలిమి మూలమూలలకూ సమంగా పడేలా విసరడం వారి పని. షెడ్డులో ఖలాసీలు, అంటే బరువుపనులు చేసే సహాయకులు, బూడిద గుంటలు ఎత్తిపోసేవారు. యార్డులో పాయింట్స్‌మన్లు పట్టాలను మళ్లించే మీటలు లాగుతూ వ్యాగన్ల వెంట నడిచేవారు. గ్యాంగ్‌మన్లు కంకర సర్దితే, కీమన్ భుజాన సుత్తితో తన బీటంతా నడిచి వదులైన బిగింపులను సరిచేసేవాడు. డ్యూటీకి పిలవడానికి కాల్‌బాయ్ వేళకాని వేళ క్వార్టర్ల తలుపులు తట్టేవాడు. వ్యాయామం అన్న ఊహతో పనిలేకుండానే వీరందరి దేహాలూ రోజంతా కదిలేవి.

మొదట డీజిల్ యంత్రాలు, 1980 ప్రాంతంలో విద్యుత్ యంత్రాలు ఈ మార్గాన్ని ఆక్రమించాక, నడిమధ్యలో ఆగవలసిన కారణమే తొలగిపోయింది. ఊరి ప్రాధాన్యం తగ్గింది, పార పట్టిన ఉద్యోగమూ మాయమైంది. విద్యుత్ యంత్రంలో సిబ్బంది పని చాలావరకు కూర్చునే సాగుతుంది.

ఈ మార్పుకు దేహం చెల్లించే మూల్యాన్ని కొలిచిన పరిశోధన రైల్వే ఉద్యోగుల మీదనే జరగడం విశేషం. అమెరికాలో హెన్రీ టేలర్ బృందం 1962లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ధమనులు గట్టిపడటం వల్ల కలిగే గుండెజబ్బుతో ఏటా మరణించినవారు గుమాస్తాలలో వెయ్యికి 5.7, వ్యాగన్లు మళ్లించేవారిలో 3.9, పట్టాల పనివారిలో 2.8గా తేలారు. జబ్బుపడినవారు తేలిక పనులకు మారడం వల్ల కూడా ఇలాంటి తేడా కొంత రావచ్చు గనుక ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. అయినా 1953లో లండన్ బస్సు డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చిన జెర్రీ మోరిస్ పరిశోధన సైతం ఈ దిశనే చూపింది.

అంతమాత్రాన ఆవిరి కాలపు చాకిరీని కీర్తించడం అన్యాయం. కొలిమి వేడి, బొగ్గు ధూళి, నిద్రలేని రాత్రులు ఆ కార్మికులను కుంగదీశాయి. ఆ భారం తొలగడం మేలే. పోగొట్టుకున్నది కదలిక ఒక్కటే, అది ఒకప్పుడు ఉద్యోగ నిర్మాణంలోనే ఇమిడి ఉండేది కాబట్టి, దాని లోటును కేవలం వ్యక్తి పట్టుదలకు వదిలేయడం సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను సూచిస్తూ, ఎంత కొద్దిసేపటి కదలికైనా లెక్కలోకి వస్తుందని స్పష్టం చేశాయి. కనుక డ్యూటీ పట్టికలు వేసేవారు, కార్యాలయాలు కట్టేవారు పనివేళల్లోనే లేచి నడిచే వ్యవధినీ, అందుకు నీడగల దారినీ కల్పించాలి.